రైట్ క్యాష్: డిస్కులో, కంట్రోలర్‌లో

డిస్కు మీదికి చేరాల్సిన సమాచారాన్ని ముందుగా ఒక చిన్న, వేగమైన మెమరీలో పెట్టుకొని, అసలు రాత పూర్తికాకముందే ‘రాసేశాను’ అని బదులు చెప్పే ఏర్పాటును రైట్ క్యాష్ అంటారు. సర్వర్లలో ఇది ఒక్కచోట ఉండదు. ఆపరేటింగ్ సిస్టమ్ వాడుకునే ర్యామ్‌లో ఒకటి, అనేక డిస్కులను కలిపి ఒకటిగా నడిపే రెయిడ్ కంట్రోలర్ కార్డు మీద ఒకటి, ప్రతి డిస్కు అడుగున ఉండే సర్క్యూట్ బోర్డు మీద మరొకటి. మూడు మజిలీలు దాటాక గానీ సమాచారం అయస్కాంతపు పళ్లెం మీదికో ఫ్లాష్ చిప్‌లోకో చేరదు. ప్రతి మజిలీలోనూ ‘అందింది’ అన్న జవాబు వస్తుంది కానీ, ఆ జవాబుకు అన్నిచోట్లా ఒకే విలువ ఉండదు. కరెంటు పోయిన క్షణాన ఏ జవాబు నిలబడుతుంది, ఏది గాలికి పోతుంది అన్నదే ఇందులో అసలు ప్రశ్న. వేగం సంగతి ఆ తర్వాత.

తెలుగులో రాస్తే ఈ మాట నగదు అనే ‘క్యాష్’తో కలిసిపోతుంది. రెండూ వేరు. ఇది దాచుకునే చోటు అనే అర్థమున్న ఫ్రెంచి మాట. 1968లో వచ్చిన ఐబీఎం సిస్టమ్/360 మోడల్ 85తో కంప్యూటర్ రంగంలో స్థిరపడింది. అక్కడ అది ప్రాసెసర్‌కూ ప్రధాన మెమరీకీ నడుమ ఉండేది. చదవడానికి వాడే క్యాష్‌లో ఉన్నది పోయినా నష్టం లేదు, అసలు ప్రతి డిస్కు మీద ఉంటుంది, మళ్లీ తెచ్చుకోవచ్చు. రాయడానికి వాడే క్యాష్ అలా కాదు. కాసేపు ఆ ఒక్క ప్రతే ప్రపంచంలో ఉన్న ప్రతి.

తిరిగే పళ్లెం, ఆగని వినియోగదారు

నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్కు సెకనుకు 120 చుట్లు తిరుగుతుంది. ఒక చుట్టుకు 8.33 మిల్లీ సెకన్లు. కావలసిన చోటు చదివే, రాసే తల కిందికి రావడానికి సగటున అందులో సగం, అంటే నాలుగు మిల్లీ సెకన్ల పైచిలుకు ఎదురుచూడాలి. దానికి ముందు తల ఆ దారి మీదికి జరగడానికి మరో ఎనిమిది తొమ్మిది మిల్లీ సెకన్లు. మొత్తం మీద అక్కడొకటి ఇక్కడొకటిగా పడే చిన్న రాతలు సెకనుకు 75 నుంచి 80 దాకా సాగుతాయి. నిమిషానికి 15,000 చుట్లు తిరిగే ఖరీదైన సర్వర్ డిస్కులో కూడా ఈ లెక్క రెండింతలను కొంచెం దాటుతుందంతే. అదే సమయంలో ర్యామ్‌లో రాయడం మైక్రో సెకన్లలోపు పని. ఈ తేడా వందల్లోనో వేలల్లోనో కాదు, అంతకంటే చాలా పెద్దది.

రెయిడ్ దీన్ని మరింత ముదరబెట్టింది. బర్కిలీలో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ 1988లో రాసిన పత్రంతో ఆ పేరు స్థిరపడింది. అందులోని ఐదో పద్ధతి, రెయిడ్ 5, స్థలం ఆదా చేస్తుంది కాబట్టి సర్వర్లలో విస్తారంగా వాడుకలోకి వచ్చింది. కానీ అందులో ఒక చిన్న రాతకు నాలుగు పనులు కావాలి: పాత సమాచారం చదవాలి, పాత ప్యారిటీ (ఒక డిస్కు పోతే దాని సమాచారాన్ని తిరిగి కట్టడానికి ఉంచే లెక్క) చదవాలి, కొత్త సమాచారం రాయాలి, కొత్త ప్యారిటీ రాయాలి. సెకనుకు 75 పనులు చేసే డిస్కులు ఎనిమిది కలిపితే 600. నాలుగుతో భాగిస్తే 150. ఎనిమిది డిస్కులు కొన్న మనిషికి రెండు డిస్కుల పని దక్కుతుంది. నడుమ క్యాష్ ఉంటే కంట్రోలర్ తొందరపడదు. పక్కపక్కన పడాల్సిన రాతలను పోగుచేస్తుంది. ఏడు డిస్కుల సమాచారం, ఎనిమిదో డిస్కు ప్యారిటీ కలిసి ఒక వరస మొత్తం సిద్ధమైతే పాతది చదవాల్సిన పనే లేకుండా ఒక్క ఊపులో దించేస్తుంది. ఒకే చోట పదిసార్లు మారిన సమాచారాన్ని పదోసారి మాత్రమే రాస్తుంది. మిగిలినవాటిని తల ఒక వైపు నుంచి మరో వైపుకు పోయే దారిలో వరసగా పేర్చుకుంటుంది.

జవాబు ఎప్పుడు చెప్పాలన్న దాన్ని బట్టి రెండు పద్ధతులు. డిస్కు మీద పడ్డాకే ‘అయింది’ అనడం రైట్-త్రూ. క్యాష్‌లో పడగానే ‘అయింది’ అనేసి, తీరిక చూసుకొని డిస్కుకు దించడం రైట్-బ్యాక్. మొదటి పద్ధతిలో కూడా క్యాష్‌లో ఒక ప్రతి ఉండవచ్చు, తర్వాత చదివేవాళ్లకు అది పనికొస్తుంది. రాతకు మాత్రం వేగం రాదు.

రైట్-బ్యాక్ గురించి ఎక్కువమందికి ఉండే అపోహ ఒకటుంది. క్యాష్ డిస్కుల వేగాన్ని పెంచుతుందని. నిజానికి పెంచదు, అప్పు ఇస్తుంది. 1 గిగాబైట్ క్యాష్‌లో 4 కిలోబైట్ల ముక్కలు 2,62,144 పడతాయి. సెకనుకు 5000 చొప్పున రాతలు వచ్చిపడుతుంటే 52 సెకన్లలో అది నిండిపోతుంది. వెనక డిస్కులు సెకనుకు 300 చొప్పున దించుకుంటే మొత్తం ఖాళీ కావడానికి పద్నాలుగు నిమిషాలు దాటుతుంది. నిండిన మరుక్షణం నుంచి అప్లికేషన్‌కు కనిపించేది డిస్కుల అసలు వేగమే. నిమిషం లోపు పరీక్ష నడిపి కొత్త సర్వర్ అద్భుతమని రిపోర్టు రాసేవాళ్లు కొలిచింది డిస్కులను కాదు, క్యాష్‌ను.

పలక, చిట్టా, ఆవర్జా

పాత కిరాణా కొట్లలో లెక్క రెండు పుస్తకాల్లో నడిచేది. రోజంతా జరిగింది జరిగినట్టు వరసగా చిట్టాలో ఎక్కేది. తర్వాత గుమాస్తా దాన్ని పేరుపేరునా ఆవర్జాలోకి దించేవాడు. డేటాబేస్‌లూ, నేటి ఫైల్ సిస్టమ్‌లూ సరిగ్గా ఇదే చేస్తాయి. మార్పును ముందు లాగ్‌లోనో జర్నల్‌లోనో వరసగా రాసి, తర్వాత దాని అసలు స్థానంలో రాస్తాయి. మధ్యలో సర్వర్ పడిపోతే చిట్టా చూసి ఆవర్జాను సరిచేసుకుంటాయి. రైట్ క్యాష్ ఈ రెండు పుస్తకాల్లో ఏదీ కాదు. అది గల్లాపెట్టె పక్కన పలక మీద సుద్దముక్కతో గీసుకున్న లెక్క.

పలక చెరిగిపోతే చివరి కొద్ది సెకన్ల లెక్క పోతుందిలే అని సరిపెట్టుకోవచ్చు. అసలు ప్రమాదం అది కాదు. క్యాష్ రాతలను తనకు వీలైన వరసలో దించుతుంది, వచ్చిన వరసలో కాదు. తల కదలిక తగ్గించడానికే కదా అది ఉన్నది. జర్నల్‌లో ముందు మార్పుల వివరాలు పడి, ఆ తర్వాత ‘ఈ లావాదేవీ పూర్తయింది’ అనే ముగింపు గుర్తు పడాలి. క్యాష్ ఆ గుర్తును ముందు దించి, వివరాలను దించేలోపు కరెంటు పోతే ఏమవుతుంది? చిట్టాలో పద్దు ముగిసిందని గీత గీసి ఉంటుంది, గీత పైన మాత్రం పాత పేజీ చెత్త ఉంటుంది. తిరిగి లేచిన ఫైల్ సిస్టమ్ ఆ గీతను నమ్మి, ఆ చెత్తనే ఆవర్జాలోకి నమ్మకంగా దించుతుంది. నష్టం చివరి సెకన్లతో ఆగదు. మూడేళ్ల కిందటి ఫైలు కూడా పాడుకావచ్చు, అదీ వెంటనే బయటపడకపోవచ్చు.

అందుకే డిస్కులకు ఒక ప్రత్యేక ఆజ్ఞ ఉంది. ఏటీఏ, సాటా డిస్కుల్లో దాని పేరు ఫ్లష్ క్యాష్, స్కజీ, శాస్ డిస్కుల్లో సింక్రనైజ్ క్యాష్. క్యాష్‌లో ఉన్నదంతా దించాకే జవాబు చెప్పు అని దాని అర్థం. ఒక్క రాతకు మాత్రమే ఆ నియమం పెట్టాలంటే ఎఫ్‌యూఏ అనే గుర్తు తగిలిస్తారు. అప్లికేషన్ ఎఫ్‌సింక్ అని అడిగినప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ తన ర్యామ్‌లోది దించి, ఆ తర్వాత డిస్కుకు ఈ ఆజ్ఞ పంపాలి. పంపాలి అన్నది సూత్రం. ఆచరణలో ఈ గొలుసు చాలా ఏళ్లు అతుకులబొంతగానే ఉంది. లినక్స్‌లో ఎక్స్‌ట్3 ఫైల్ సిస్టమ్ ఈ రక్షణను డిఫాల్ట్‌గా ఆపి ఉంచేది, ఎక్స్‌ట్4 వచ్చాక డిఫాల్ట్‌గా పెట్టారు. బ్యారియర్ అనే పాత విధానాన్ని తీసేసి ఫ్లష్, ఎఫ్‌యూఏలతో పని నడిపే ఏర్పాటు 2011 జనవరిలో వచ్చిన 2.6.37 కెర్నల్‌తో మొదలైంది. యాపిల్ మ్యాక్‌లో మామూలు ఎఫ్‌సింక్ సమాచారాన్ని డిస్కు దాకా పంపుతుంది గానీ డిస్కు క్యాష్‌ను ఖాళీ చేయించదు. దానికి ఎఫ్-ఫుల్‌ఎఫ్‌సింక్ అని వేరే అడగాలి. విండోస్‌లో డిస్కు ప్రాపర్టీస్ కింద రెండు గడులుంటాయి. మొదటిది డిస్కు క్యాష్ వాడమనేది. రెండోది, ఫ్లష్ ఆజ్ఞలు పంపడం మానెయ్యమనేది. వేగం పెరుగుతుందని ఎవరో చెప్పగా రెండోదానికి టిక్కు పెట్టేసినవాళ్లు తాము సంతకం చేసిన పత్రం ఏమిటో చదవలేదన్నమాట. యాక్టివ్ డైరెక్టరీ నడిపే డొమైన్ కంట్రోలర్ ఈ విషయంలో ఎవరినీ నమ్మదు. తన డేటాబేస్ ఉన్న డిస్కు రైట్ క్యాష్‌ను తానే ఆపేయడానికి ప్రయత్నిస్తుంది.

ఇంకో తేడా కూడా గుర్తుంచుకోవాలి. సర్వర్ హ్యాంగ్ అయి రీసెట్ నొక్కినప్పుడు ర్యామ్‌లో ఉన్నది పోతుంది గానీ డిస్కుకు కరెంటు అందుతూనే ఉంటుంది కాబట్టి దాని క్యాష్‌లోది మామూలుగా బతికి బయటపడుతుంది. డిస్కు క్యాష్‌కు శత్రువు క్రాష్ కాదు, కరెంటు. అలాగని యూపీఎస్ ఉంటే చాలదు. కోతలు అలవాటైన మన ఊళ్లలో ఆ ధీమా కొంచెం ఎక్కువే. యూపీఎస్‌కూ డిస్కుకూ మధ్య బ్రేకర్ ఉంటుంది, కేబుల్ ఉంటుంది, సర్వర్ లోపలి పవర్ సప్లై ఉంటుంది, తప్పు ప్లగ్ పీకే మనిషి చెయ్యి కూడా ఉంటుంది. పైగా యూపీఎస్ బ్యాటరీ చచ్చిందన్న సంగతి చాలాచోట్ల మొదటి కోతలో గానీ తెలియదు.

బ్యాటరీ ఉన్న క్యాష్

రాత వేగంగానూ ఉండాలి, మాట నిలబడాలి కూడా అంటే క్యాష్ మెమరీ కరెంటు లేకుండా బతకాలి. ఈ ఆలోచన పెద్ద కంప్యూటర్ల కాలానిది. ఐబీఎం 1987లో తెచ్చిన 3990 మోడల్ 3 కంట్రోలర్‌లో మామూలు క్యాష్‌తో పాటు బ్యాటరీ ఆసరా ఉన్న మరో మెమరీ ఉండేది. రాత రెండింటిలోనూ పడగానే జవాబు వెళ్లేది. దానికి వాళ్లు పెట్టిన పేరు ఫాస్ట్ రైట్. 1990లో ఈఎంసీ సంస్థ మోషే యనాయ్ నాయకత్వంలో రూపొందించిన సిమెట్రిక్స్ పెద్ద క్యాష్‌నే ముందుంచి, వెనక చౌకైన చిన్న డిస్కుల వరసతో ఐబీఎం పెద్ద డిస్కులతో పోటీకి దిగింది.

నెట్‌వర్క్ ఫైల్ సర్వర్లలో ఇదే అవసరం మరో దారిన వచ్చింది. నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే ఎన్‌ఎఫ్‌ఎస్ రెండో వెర్షన్ నియమం ప్రకారం సర్వర్ ప్రతి రాతనూ చెరిగిపోని చోట పెట్టాకే జవాబివ్వాలి. నిజాయితీగా పాటించిన సర్వర్ నత్తనడక నడిచేది. లెగాటో సంస్థ ప్రెస్టోసర్వ్ పేరుతో అమ్మిన బోర్డు ఈ బాధకు మందు. బ్యాటరీ ఉన్న మెమరీ బోర్డు అది, దాన్నే చెరగని చోటుగా లెక్కించేవాళ్లు. నెట్‌యాప్ వ్యవస్థాపకులు డేవ్ హిట్జ్, జేమ్స్ లా, మైకేల్ మాల్కమ్ 1994లో ప్రచురించిన పత్రంలో ఇంకో మెట్టు ఎక్కారు. బ్యాటరీ మెమరీలో వాళ్లు డిస్కు బ్లాకులను పెట్టలేదు, వచ్చిన విన్నపాలనే వరసగా పెట్టారు. అంటే క్యాష్‌నే చిట్టాగా మార్చారు. ఆ మెమరీని రెండు సగాలు చేసి, ఒకటి నిండుతుండగా రెండోదాని తాలూకు సమాచారాన్ని డిస్కుకు దించుతారు. పది సెకన్లకు మించకుండా డిస్కు మీద ఒక పొందికైన స్థితి సిద్ధమవుతుంది. మధ్యలో పోతే ఆ స్థితి నుంచి మొదలుపెట్టి విన్నపాలను మళ్లీ నడుపుతారు. 1995లో వచ్చిన ఎన్‌ఎఫ్‌ఎస్ మూడో వెర్షన్ నియమాన్నే సడలించింది. ఇప్పుడు రాయి, తర్వాత కమిట్ అని అడుగుతాను, అప్పుడు నిజంగా దించు అని క్లయింట్ చెప్పవచ్చు.

సాధారణ సర్వర్లలోకి ఈ సౌకర్యం రెయిడ్ కార్డుల రూపంలో వచ్చింది. డెల్ పెర్క్, హెచ్‌పీ స్మార్ట్ ఎరే, ఎల్‌ఎస్‌ఐ మెగారెయిడ్ కార్డుల మీద 256 లేదా 512 మెగాబైట్ల మెమరీ, తర్వాతి రోజుల్లో గిగాబైట్లు, పక్కనే ఒక చిన్న బ్యాటరీ పొట్లం. కరెంటు పోతే ఆ బ్యాటరీ మెమరీని దాదాపు 72 గంటలు బతికించేలా ఉండేది. శుక్రవారం సాయంత్రం ఆరింటికి పోయిన కరెంటు సోమవారం సాయంత్రం ఆరులోపు వస్తే చాలు, వారాంతపు సెలవుల మీద వేసుకున్న లెక్కలా ఉంటుంది. క్యాష్ పెద్దదైన కొద్దీ ఆ గడువు తగ్గుతుంది. ఈ ఏర్పాటుతో రెయిడ్ 5లోని మరో పాత లోపం కూడా పూడింది. సమాచారం రాసి, ప్యారిటీ రాయకముందే కరెంటు పోతే ఆ రెండూ పొసగవు. దీన్ని రైట్ హోల్ అంటారు. ఏ వరస సగంలో ఉందో బ్యాటరీ క్యాష్‌కు గుర్తుంటుంది కాబట్టి కరెంటు రాగానే పూర్తి చేస్తుంది.

బ్యాటరీ మాత్రం తన సొంత బాధలతో వచ్చింది. రెండు మూడేళ్లకు శక్తి తగ్గుతుంది, వేడి గదిలో ఇంకా తొందరగా, కొన్ని ఉబ్బుతాయి కూడా. అందులో నిజంగా ఎంత శక్తి మిగిలిందో తెలుసుకోవడానికి కార్డు దాన్ని నెలకో మూడు నెలలకో ఒకసారి పూర్తిగా దింపి మళ్లీ ఎక్కిస్తుంది. దీనికి లెర్న్ సైకిల్ అని పేరు. ఆ కొన్ని గంటలూ బ్యాటరీ నమ్మదగింది కాదు కాబట్టి కార్డు దానంతటదే రైట్-త్రూకు మారిపోతుంది. డేటాబేస్ ఉన్నట్టుండి నడ్డి విరిగినట్టు మందగిస్తుంది, కొన్ని గంటల తర్వాత ఏమీ జరగనట్టు కోలుకుంటుంది. క్వెరీల్లో, ఇండెక్సుల్లో, నెట్‌వర్క్‌లో రాత్రంతా తప్పు వెతికి, మూడు నెలల తర్వాత అదే వారం అదే గంటకు మళ్లీ జరిగితే గానీ కార్డు లాగ్ తెరవని డేటాబేస్ నిర్వాహకులు ఎందరో. ‘బ్యాటరీ లేకపోయినా రైట్-బ్యాక్ వదలకు’ అనే సెట్టింగ్ కూడా చాలా కార్డుల్లో ఉంటుంది. ఈ వ్యాసకర్త దృష్టిలో అసలు సమాచారం ఉన్న సర్వర్‌లో దాన్ని పెట్టడానికి మంచి కారణం ఒక్కటి కూడా లేదు.

తర్వాతి తరం కార్డులు బ్యాటరీని మానేసి సూపర్ కెపాసిటర్‌కు మళ్లాయి. కెపాసిటర్ మెమరీని రోజుల తరబడి బతికించలేదు, అవసరమూ లేదు. కరెంటు పోగానే కొన్ని పదుల సెకన్ల పాటు శక్తినిస్తే, కార్డు తన మెమరీ మొత్తాన్ని పక్కనున్న ఫ్లాష్ చిప్‌లోకి దించుకుంటుంది. ఇక 72 గంటల లెక్క ఉండదు. హెచ్‌పీ దీన్ని ఫ్లాష్ బ్యాక్డ్ రైట్ క్యాష్ అంది, ఎల్‌ఎస్‌ఐ క్యాష్‌వాల్ట్ అంది, అడాప్టెక్ అసలు నిర్వహణే అక్కరలేని రక్షణ అని పేరు పెట్టుకుంది.

ఈ కథలో జనం ఎక్కువగా తడబడే చోటు ఒకటుంది. బ్యాటరీ కాపాడేది కార్డు మీది మెమరీని మాత్రమే. దాని వెనకున్న డిస్కుల సొంత క్యాష్‌లను అది తాకదు. క్యాష్ రక్షణ ఉన్న కార్డు తనది చెరగని చోటని ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెబుతుంది. పై నుంచి ఫ్లష్ ఆజ్ఞ వచ్చినా డిస్కుల దాకా పంపకుండా తానే ‘అయింది’ అంటుంది, న్యాయంగానే. కానీ కార్డు తన క్యాష్‌లోంచి డిస్కుకు దించి, డిస్కు ‘అయింది’ అన్నాక తన ప్రతిని చెరిపేసుకుంటుంది. ఆ డిస్కు తన క్యాష్‌లోనే ఉంచుకొని ఆ మాట అని ఉంటే, కరెంటు పోయినప్పుడు సమాచారం ఇద్దరి దగ్గరా ఉండదు. శాస్ డిస్కులు మామూలుగా రైట్ క్యాష్ ఆపి ఉన్న స్థితిలో వచ్చేవి, సాటా డిస్కులు పెట్టి ఉన్న స్థితిలో. ఖర్చు తగ్గుతుందని కార్డు వెనక సాటా డిస్కులు తగిలించినప్పుడు డిస్కు క్యాష్ అనే సెట్టింగ్‌ను విడిగా చూసుకోవాలి. కార్డు రైట్-బ్యాక్, డిస్కు క్యాష్ ఆఫ్ అన్న జత చాలాకాలం సర్వర్లలో నమ్మదగిన జతగా నిలిచింది.

రెండు కంట్రోలర్లున్న పెద్ద స్టోరేజ్ ఎరేలలో ఒక్కొక్కటి వచ్చిన రాతను ఎదుటిదాని మెమరీలో కూడా పెట్టాకే జవాబిస్తుంది. ఒకటి పోతే రెండోది మిగిలిన పని పూర్తి చేసి, ఒంటరిగా ఉన్నంతసేపూ సాధారణంగా రైట్-త్రూకు దిగుతుంది.

అబద్ధమాడే డిస్కులు

2005 జనవరిలో లైవ్‌జర్నల్ బ్లాగు సేవ ఉంటున్న సియాటెల్ డేటా సెంటర్‌లో కరెంటు మొత్తం పోయింది. తిరిగి వచ్చాక సర్వర్లు లేచాయి గానీ డేటాబేస్‌లు కొన్ని లేవలేదు. సరిదిద్దడానికి గంటల తరబడి పట్టింది. లైవ్‌జర్నల్ సృష్టికర్త బ్రాడ్ ఫిట్జ్‌ప్యాట్రిక్ ఆ అనుభవం తర్వాత డిస్క్‌చెకర్ అనే చిన్న ప్రోగ్రామ్‌ను అందరికీ ఇచ్చాడు. దాని పద్ధతి ఎంత సాదాగా ఉంటుందో అంత నిక్కచ్చి. పరీక్షించే యంత్రం ఒక బ్లాకు రాస్తుంది, ఎఫ్‌సింక్ అడుగుతుంది, ‘అయింది’ అన్న జవాబు రాగానే ఆ సంగతి నెట్‌వర్క్ మీద రెండో యంత్రానికి చెబుతుంది. నడుస్తుండగా ప్లగ్ పీకాలి. మళ్లీ లేచాక, అయిందని చెప్పిన బ్లాకులు నిజంగా ఉన్నాయా అని రెండో యంత్రం సాక్ష్యంతో సరిచూడాలి. తేడా కనిపిస్తే మధ్యలో ఎవరో అబద్ధమాడారు. అది డిస్కు కావచ్చు, కార్డు కావచ్చు, డ్రైవర్ కావచ్చు.

ప్లగ్ పీకకుండా అనుమానించడానికి కూడా ఒక దారి ఉంది, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాడేవాళ్లకు బాగా తెలిసిన లెక్క అది. లాగ్ చివర ఒకే చోట ఒకదాని తర్వాత ఒకటి రాస్తూ ప్రతిసారీ ఫ్లష్ అడిగితే, పళ్లెం ఆ చోటికి మళ్లీ తిరిగి వచ్చేదాకా ఆగాలి. 7200 చుట్ల డిస్కులో అది సెకనుకు 120 సార్లు మించదు, 15,000 చుట్లదైతే 250. రక్షణ క్యాష్ ఏదీ లేని ఒంటరి డిస్కు సెకనుకు రెండు వేల ఎఫ్‌సింక్‌లు చూపిస్తే సంతోషించకూడదు. భౌతికశాస్త్రం ఒప్పుకోని జవాబు అది.

అబద్ధం కింది నుంచే రావాలని లేదు. రాత విఫలమైందని డిస్కు నిజం చెప్పినా, లినక్స్ కెర్నల్ ఆ తప్పును ఎఫ్‌సింక్‌కు ఒకసారి చెప్పి, పాడైన పేజీని శుభ్రమైనదిగా గుర్తు వేసుకునేది. డేటాబేస్ రెండోసారి ఎఫ్‌సింక్ అడిగితే అంతా బాగుందన్న జవాబు వచ్చేది. 2018లో ఇది బయటపడ్డప్పుడు పోస్ట్‌గ్రెస్ బృందం చాలాకాలంగా తాము నమ్మింది తప్పని గ్రహించింది. 2019 ఫిబ్రవరి విడుదలల నుంచి ఎఫ్‌సింక్ ఒక్కసారి విఫలమైనా పోస్ట్‌గ్రెస్ మళ్లీ అడగదు. తనను తాను కూల్చుకొని లాగ్ నుంచి కోలుకుంటుంది.

ఫ్లాష్ వచ్చాక

ఎస్‌ఎస్‌డీలో తిరిగే పళ్లెం లేదు కాబట్టి క్యాష్ గొడవ తీరిందనుకోవడం సహజం. తీరలేదు. ఫ్లాష్‌లో ఉన్న చోటే తిరగరాయడం కుదరదు. కొత్త చోట రాసి, ఏ బ్లాకు ఎక్కడుందో చెప్పే పట్టికను మార్చుకోవాలి. ఆ పట్టికలో తాజా మార్పులు తరచూ ఎస్‌ఎస్‌డీ లోపలి మెమరీలోనే ఉంటాయి. అది పోతే నిన్న రాసింది కూడా దొరక్కపోవచ్చు. 2013లో స్టోరేజ్ పరిశోధకుల ఫాస్ట్ సదస్సులో వచ్చిన ఒక అధ్యయనంలో 15 ఎస్‌ఎస్‌డీలకు పదేపదే కరెంటు కోసి చూశారు. 13 ఏదో ఒక రకంగా తప్పాయి. కొన్నింటిలో సగం సగం రాతలు, కొన్నింటిలో వరస తప్పిన రాతలు, ఒకటి అసలు మళ్లీ లేవనే లేదు.

సర్వర్ల కోసం చేసే ఎస్‌ఎస్‌డీల్లో బోర్డు మీద వరసగా చిన్న కెపాసిటర్లు కనిపిస్తాయి. కరెంటు పోయాక మెమరీలోది ఫ్లాష్‌లోకి దించేంత శక్తి వాటిలో ఉంటుంది. వీటి లాభం భద్రతతో ఆగదు. తన మెమరీ చెరిగేది కాదని ఎస్‌ఎస్‌డీకి తెలుసు కాబట్టి ఫ్లష్ ఆజ్ఞ వస్తే పెద్దగా చెయ్యాల్సిందేమీ ఉండదు, మైక్రో సెకన్లలో జవాబిస్తుంది. ఇంటి కంప్యూటర్ కోసం అమ్మే ఎస్‌ఎస్‌డీ అట్టపెట్టె మీద అంతే వేగం అచ్చయి ఉన్నా, ప్రతి రాతకూ ఫ్లష్ అడిగే డేటాబేస్ కింద పెడితే చతికిలపడేది ఇక్కడే. రెండింటి ధరల్లో తేడాకు ఆ కెపాసిటర్లు ఒక కారణం, అరుగుదల తట్టుకునే శక్తి మరొకటి.

ఇలాంటి ఎస్‌ఎస్‌డీల ముందు కంట్రోలర్ క్యాష్ ఒక్కోసారి అడ్డంకి కూడా. మెగారెయిడ్ కార్డుల్లో ఎస్‌ఎస్‌డీ వరసలకు రైట్-త్రూ పెట్టమనే సలహా అందుకే వచ్చింది. కార్డు మెమరీ గుండా పోయే దారి నేరుగా ఫ్లాష్‌కు పోయే దారి కంటే బరువైంది. ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీలు ప్రాసెసర్‌కు నేరుగా తగులుకుంటాయి కాబట్టి చాలా సర్వర్లలో రెయిడ్ కార్డే మాయమైంది. ఒకప్పుడు కార్డు చేసిన పనిని జెడ్‌ఎఫ్‌ఎస్ లాంటి ఫైల్ సిస్టమ్‌లు తలకెత్తుకున్నాయి. ఎస్‌లాగ్ అనే విడి పరికరంలో వెంటనే దించాల్సిన రాతల చిట్టాను పెట్టి, మిగిలినది తీరికగా దించుకుంటాయి. ఆ పరికరానికి కరెంటు రక్షణ లేకపోతే మొత్తం ఏర్పాటుకే అర్థం ఉండదు.

వర్చువల్ యంత్రాలు గొలుసుకు ఇంకో కొక్కెం తగిలించాయి. వర్చువల్ యంత్రం అడిగిన ఫ్లష్‌ను కింది హోస్ట్ పాటించాలా వద్దా అన్నది ఆ యంత్రాలను నడిపే హైపర్‌వైజర్ సెట్టింగ్‌ను బట్టి ఉంటుంది. వర్చువల్ యంత్రాలను నడిపే క్యూఈఎంయూలో ఆ ఆజ్ఞలను పూర్తిగా పెడచెవిన పెట్టే విధానం ఒకటుంది. దాని పేరే అన్‌సేఫ్, ఆ మాత్రం నిజాయితీకి మెచ్చుకోవాలి. వర్చువల్‌బాక్స్ వేగం కోసం మామూలుగా ఈ ఆజ్ఞలను పట్టించుకోదని దాని మాన్యువల్‌లోనే రాసి ఉంది.

అనేక యంత్రాల మీద కలిసి నడిచే హడూప్ ఫైల్ సిస్టమ్, కాఫ్కా లాంటివి ప్రశ్ననే మార్చేశాయి. మూడు యంత్రాల మెమరీలో ప్రతి పడితే చాలు, డిస్కు దాకా ఆగక్కరలేదు, మూడూ ఒక్కసారి పోవు కదా అని వాటి లెక్క. యంత్రాలు విడివిడిగా పాడయ్యేంతవరకు ఆ లెక్క సరైనదే. మూడూ ఒకే కరెంటు లైను మీద ఉంటే మాత్రం అవి మూడు కాదు, ఒకటి. గూగుల్ ఇంకో దారి తొక్కింది. 2009లో బయటపెట్టిన తన సర్వర్ రూపకల్పనలో ప్రతి యంత్రానికీ సొంతంగా 12 వోల్టుల బ్యాటరీ ఉంది.

తిరిగే డిస్కులు కూడా కొత్త ఎత్తు వేశాయి. కరెంటు పోయినప్పుడు పళ్లెం వెంటనే ఆగదు. ఆ తిరుగుడులో మిగిలిన ఊపుతో మోటారు కాసేపు జనరేటర్‌గా మారుతుంది. తలను పళ్లెం మీద నుంచి సురక్షితంగా పక్కకు తీసుకుపోవడానికి డిస్కులు ఆ శక్తిని ఎప్పటినుంచో వాడుకుంటున్నాయి. వెస్టర్న్ డిజిటల్ 2021లో ఆప్టినాండ్ పేరుతో డిస్కు బోర్డు మీద ఒక ఫ్లాష్ చిప్ కూడా పెట్టింది. కరెంటు పోయిన క్షణాన డిస్కు తన క్యాష్‌లో మిగిలిన రాతలను పళ్లెం మీదికి దించే ప్రయత్నం చెయ్యదు, అంత సమయం ఉండదు. ఆ పళ్లెమే తిరుగుతూ పుట్టించిన కరెంటుతో వాటిని ఫ్లాష్‌లోకి దించుకొని ఆగిపోతుంది.